ఖాతా పుస్తకం

వాల్దీవియాలో వాన పడని రోజుల్ని
వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాం.
వృక్షశాస్త్రం బిల్డింగు మెట్ల కింద
నా జిరాక్సు కొట్టు:
దగ్గే మెషిను, కిరసనాయిలు పొయ్యి,
దాని మీద ఎప్పుడూ గొణిగే కెటిల్.

ఆ అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు
గుమ్మంలోనే బూట్లు దులుపుకున్నాడు.
మర్యాదస్తుడు.
రెండో సంవత్సరం టైంటేబుల్ ఒక కాపీ కావాలన్నాడు.
"నీ క్లాసేనా?"
"కాదు, నా స్నేహితురాలిది" అని సిగ్గుపడ్డాడు.
ఎంత ప్రేమో, అనుకున్నాను.
చిల్లర కూడా వద్దన్నాడు.

ముందే చెప్పేస్తున్నాను మియరాయ్,
నీ సోమవారాల్నీ నీ గురువారాల్నీ
మెషిన్లోంచి వెచ్చవెచ్చగా తీసి
వాడి చేతిలో పెట్టింది నేనే.

తర్వాత నువ్వొచ్చావు.
ఫెర్న్ మొక్కల పాఠం, నలభై పేజీలు.
వీపు గోడకి ఆనించి, కళ్ళు తలుపు మీద.
"ఎవరైనా రావాలా?" అన్నాను.
"రాకూడదు" అన్నావు.

ఆ మాట తెగడానికి ఇరవై పేజీలు పట్టింది.
బస్సులో ఎప్పుడూ వెనక సీటే.
వంతెన మీద ఎదురుపడటం,
దారి మార్చుకుంటే ఆ దారిలోనూ ఎదురుపడటం.
గది గుమ్మంలో కడిగి తుడిచిన ఆపిల్.
నువ్వెవరికీ చూపించని
మీ అమ్మమ్మ వీధి ఫోటో కింద
ఒక గుండె బొమ్మ.
"విడివిడిగా చెప్తే నాకే నవ్వొస్తోంది సెన్యోరా,
ఆపిల్ పెట్టాడని ఎవరి మీద కేసు పెట్టను?"

నిజమే.
చాప కింద నీరు చేరేటప్పుడు
ఏ చుక్కనీ పట్టుకుని నిలదీయలేం.
అడుగు వేసినప్పుడే తెలుస్తుంది.

నా దగ్గర అరువు ఖాతా ఉంది,
ఎవరు ఎన్ని కాపీలకు బాకీయో, తేదీతో సహా.
దాన్ని తిరగేసి
వెనక పేజీ నుంచి మొదలుపెట్టాం.

*ఏప్రిల్ పద్దెనిమిది, మూడూ ఇరవై. లైబ్రరీ మెట్లు. గొడుగు లేకుండా వానలో.*
*పంతొమ్మిది, పొద్దున్నే. ఆపిల్.*
*ఇరవై మూడు. పదకొండు మెసేజ్‌లు. జవాబివ్వలేదు. చెరపలేదు.*
*ఇరవై ఆరు, వంతెన. ఎర్సిలియా కూడా చూసింది.*

"కూడా" ఎంత చిన్న మాట!
నీ భుజాలు అక్కడే
మొదటిసారి కిందికి దిగాయి.

గేటు దగ్గర కాపలా దోన్ రెమిహియో నవ్వేశాడు.
"కుర్రాడు మనసు పడ్డాడు, అంతేగా!
మా ఒతీలియా వెంట నేను మూడేళ్ళు తిరిగాను."
పక్కనే గుమ్మడి రొట్టెలు వేయిస్తున్న ఒతీలియా
తల ఎత్తకుండానే అంది:
"తిరిగాడు. ఆ మూడేళ్ళూ
నేను చుట్టుదారిన ఇంటికెళ్ళాను."
నూనె చిటపటలాడింది.
ఆయన ఏమీ అనలేదు.
మర్నాడు సాయంత్రం మాత్రం
వంతెన దాటేదాకా నీ పక్కన నడిచాడు,
పాపం, ఏం మాట్లాడాలో తెలీక
వానపాముల గురించి మాట్లాడుతూ.

జూలై చివర్లో వాడు మళ్ళీ వచ్చాడు.
బూట్లు దులుపుకున్నాడు.
కొత్త టైంటేబుల్ కావాలన్నాడు.
"మెషిను పాడైంది" అన్నాను,
నా వెనక అది కాగితాలు కక్కుతుండగానే.
వాడి ఎదుటే ఖాతా తీసి
గడియారం చూసి రాసుకున్నాను.
"ఏంటి రాస్తున్నారు?"
"బాకీ."

పందొమ్మిది పేజీలు, మూడు సెట్లు.
నీ దగ్గర డబ్బు తీసుకోలేదు,
ఆ మొదటి కాపీకి చెల్లు అనుకోలేదు కూడా.
యూనివర్సిటీ ఆఫీసులో ఆమె
ఎందుకు నవ్వావు, ఎందుకు మాట్లాడావు అనలేదు.
ఆఖరి పేజీ దాకా చదివి
"ఇంకా ఉంటే చెప్పు" అంది.

విచారణ మళ్ళీ వాయిదా పడింది.
నువ్వింకా గోడకే ఆనుకుంటావు.
నిన్న మాత్రం, నాచుల పాఠం తీస్తుంటే,
పన్నెండో పేజీ దాకా
తలుపు వైపు చూడలేదు.
లెక్కపెట్టాను.